శ్రీకాకుళంలో రేడియేషన్ కొలవడం ఎలా: ఇంట్లో, వీధిలో, నల్ల ఇసుక మీద

మా డాబా మీద మొదటిసారి గైగర్ కౌంటర్ పట్టుకుని నిలబడ్డ రోజున, పక్కింటి తాతగారు పిట్టగోడ మీద చేతులాన్చి, "ఏటి బావూ, ఆ టవరు రేడియేషన్ కొలుత్తన్నావేటి?" అని అడిగారు. కాదని నచ్చజెప్పేసరికి చీకటి పడింది. మీకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది కాబట్టి ముందే తేల్చేసుకుందాం. సెల్ టవరు, వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ వాడుకునేవి రేడియో తరంగాలు. పరమాణువులోంచి ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టేంత శక్తి వాటికి లేదు. గైగర్ ట్యూబుకి తెలిసింది ఆ ఊడగొట్టే రకం ఒక్కటే: గామా కిరణాలు, బీటా కణాలు, పైనుంచి కురిసే మ్యూయాన్లనే కణాలు. దీన్నే అయనీకరణ వికిరణం అంటారు. టవరు కింద నిలబడి కొలిస్తే మీటరులో కనబడేది టవరుది కాదు, దాని కింద పోసిన కాంక్రీటు దిమ్మది.

ఈ రకం రేడియేషన్ ఎక్కడైనా ఉంటుంది. ప్రపంచ సగటున మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు (ఒంటికి అందే రేడియేషన్ మోతాదుకి కొలత) ప్రకృతి నుంచే అందుతాయని ఐక్యరాజ్యసమితి శాస్త్రసంఘం 2008 నివేదికలోని లెక్క. అందులో సగం దాకా పీల్చే గాలిలోని రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు వాటా. మిగతాది నేల, గోడలు, ఆకాశం, తినే తిండి.

మన జిల్లాలో కొలవడానికి మాత్రం ప్రత్యేకమైన కారణాలు రెండున్నాయి. తూర్పు కనుమల్లోని ఖోండలైట్, చార్నొకైట్ రాళ్లు అరిగి ఇసుకై, వంశధార, నాగావళి వెంట సముద్రానికి చేరతాయి. అల వచ్చి తేలిక ఇసుకని లాక్కుపోతుంది, బరువు గింజలు ఒడ్డునే దిగబడిపోతాయి. నల్లగా ఇల్మనైట్, ఎర్రగా గార్నెట్, వాటి మధ్య తేనెరంగులో కాస్త మోనజైట్. ఆ మోనజైట్‌లో థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉంటుంది. భావనపాడు, కళింగపట్నం, శ్రీకూర్మం తీరమంతా ఈ నిక్షేపాలకి పేరున్నదే. అంటే ఊళ్లో టీ తాగి బయల్దేరితే ఒక్క పూటలో రెండు రకాల నేలల మీద కొలిచి రావచ్చు. రెండో కారణం కొవ్వాడ. రణస్థలం మండలంలో అణువిద్యుత్ కేంద్రం మాట ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. అది వస్తుందో రాదో ఎలా ఉన్నా, ఇవాళ మన ఊళ్లో ఎంత ఉందో ఇవాళే రాసుకోవాలి. రేపు వెనక్కెళ్లి కొలవలేం.

మీటరు కొనేముందు

ఆన్‌లైన్‌లో "రేడియేషన్ మీటర్" అని వెతికితే చవగ్గా దొరికేవి చాలావరకు కరెంటు తీగల చుట్టూ ఉండే విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిచేవి. మన పనికి అవి బొత్తిగా పనికిరావు. లోపల ఏ ట్యూబు ఉందో అమ్మేవాడు రాశాడా లేదా చూడండి. ఎస్‌బీఎం-20 అనే సోవియట్ కాలపు లోహపు ట్యూబు, జే305 అనే గాజు ట్యూబు ఎక్కువగా కనిపిస్తాయి. ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే రేడియాకోడ్ లాంటి స్ఫటికపు మీటర్లున్నాయి. అవి గామాని చాలా చురుగ్గా పట్టుకుంటాయి, అది థోరియందో పొటాషియందో కూడా కాస్త చెప్పగలుగుతాయి. నా ఓటు మాత్రం మొదటి ఏడాదికి సాదా గైగర్ మీటరుకే. ఒక్కటే షరతు: మొత్తం కౌంట్లు (కిరణమో కణమో తగిలినప్పుడల్లా కొట్టే టిక్కులు) ఎన్నో చూపించాలి. మైక్రోసీవర్టులు (మిల్లీసీవర్టులో వెయ్యో వంతు) మాత్రమే చూపించే మీటరు కొనకండి.

ఎందుకంటే ఆ మైక్రోసీవర్టు అంకె మీటరు కొలిచింది కాదు, లెక్క కట్టింది. ట్యూబు చేసేది టిక్కులు లెక్కపెట్టడం వరకే. నిమిషానికి వచ్చిన టిక్కుల్ని ఒక గుణకంతో హెచ్చవేసి తెరమీద పెడతారు. ఎస్‌బీఎం-20కి సాధారణంగా వాడే గుణకం 0.0057. నిమిషానికి 20 టిక్కులొస్తే గంటకి 0.114 మైక్రోసీవర్టు అన్నమాట. ఆ గుణకం ఏదో ఒక్క పదార్థపు గామాకి సరిపోయేలా కట్టింది. మన గోడల్లోంచీ ఆకాశంలోంచీ వచ్చేవి వేరువేరు శక్తులవి కాబట్టి ఆ అంకె ఉజ్జాయింపే. అందుకే మీ మీటరు 0.11, మీ స్నేహితుడి మీటరు 0.16 చూపిస్తే వాళ్లింట్లో ఎక్కువుందని కాదు. రెండు మీటర్లూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి ఒక రాత్రంతా ఉంచితేగాని వాటి మధ్య తేడా తెలియదు.

మొదటి వారం: ఎక్కడికీ వెళ్లకండి

కొత్త మీటరు చేతికి రాగానే బీచికి పరిగెత్తాలనిపిస్తుంది. వద్దు. ఇంట్లో ఒకే చోట ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయండి. మీ ఇంటి మామూలు ఎంతో ముందు తెలియాలి.

టిక్కులు గడియారంలా రావు, పెంకుల మీద చినుకుల్లా వస్తాయి. ఒకసారి వరసగా నాలుగు, తర్వాత చాలాసేపు ఏమీ ఉండవు. ఒక నిమిషంలో 20 వస్తే తర్వాతి నిమిషంలో 15 రావచ్చు, 26 రావచ్చు, రెండూ మామూలే. లెక్కపెట్టిన మొత్తానికి వర్గమూలం ఎంతో, ఆ అంకెకి అటూ ఇటూ అంత ఊగిసలాట ఉంటుంది. నిమిషంలో 20 అంటే అటూ ఇటూ 4.5, అంటే నూటికి ఇరవై రెండు. పది నిమిషాల్లో 200 అంటే అటూ ఇటూ 14, నూటికి ఏడు. గంటలో 1200 అంటే అటూ ఇటూ 35, నూటికి మూడు. ఎవరైనా పది సెకన్లు చూసి "అమ్మో, 0.3 ఉంది" అని వీడియో పెడితే, వాళ్లు చూసింది మహా అయితే ఎనిమిదో తొమ్మిదో టిక్కుల్ని.

తేడా నిజమా కాదా తేల్చుకోడానికి ఒక లెక్కుంది. ఒకే సమయంపాటు తీసిన రెండు కొలతల మొత్తాలు కూడి, దానికి వర్గమూలం తీసి, రెట్టింపు చేయండి. రెండు కొలతల మధ్య తేడా అంతకన్నా ఎక్కువుంటేనే నమ్మండి. హాల్లో 20 నిమిషాలకి 412, దేవుడి గదిలో 455 వచ్చాయనుకోండి. కూడితే 867, వర్గమూలం సుమారు 29, రెట్టింపు 58 పైన. తేడా 43 మాత్రమే. కాబట్టి దేవుడి గదిలో ఎక్కువుందని అనడానికి లేదు. అదే నిష్పత్తిలో గంటసేపు కొలిస్తే 1236, 1365 వచ్చాయనుకోండి. కూడితే 2601, వర్గమూలం 51, రెట్టింపు 102. ఇప్పుడు తేడా 129. ఇది నిజమైన తేడా. గదులు మారలేదు, మీటరు మారలేదు, మన ఓపిక ఒక్కటే మారింది.

మీటరు బతికుందో లేదో చూసుకోడానికి ఎరువుల కొట్టుకి వెళ్లండి. రైతులు పొటాష్ అనే ఎర్ర ఎరువు, అంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్, కిలో అడగండి. సహజ పొటాషియం గ్రాముకి సెకనుకి దాదాపు 31 పరమాణువులు విచ్ఛిన్నమవుతుంటాయి. ఆ ఎరువులో సగం బరువు పొటాషియమే. పలచటి ప్లాస్టిక్ సంచిలో కట్టి ట్యూబుకి ఆనించి పది నిమిషాలు లెక్కపెడితే మామూలు కన్నా పెరుగుదల స్పష్టంగా తెలుస్తుంది. ఆ సంచీని దాచి నెలకోసారి అలాగే కొలవండి. అందులో ఇలా విచ్ఛిన్నమయ్యే పొటాషియం-40 అర్ధజీవితం (సగానికి తగ్గడానికి పట్టే కాలం) 125 కోట్ల ఏళ్లు, మీ మీటరు పాడవ్వాలే గాని అది తగ్గదు. పాత పెళ్లిళ్ల పెట్రోమాక్స్ లైట్ల మాంటిల్ దొరికితే అదీ టిక్కులు కొట్టిస్తుంది, అందులో థోరియం వాడేవారు. కానీ అది ముట్టుకుంటే పొడైపోయే వస్తువు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. కవరు విప్పకుండా కొలవగలిగితే కొలవండి, లేదా దాని జోలికే పోవద్దు.

ఇంట్లో

మీటరుని గది మధ్యలో, నేలకి ఒక మీటరు (మూడడుగుల పైచిలుకు) ఎత్తున, గోడలకి దూరంగా పెట్టండి. ప్లాస్టిక్ కుర్చీ మీద చిన్న స్టూలో డబ్బానో పెట్టి, టేపుతో కొలిచి ఆ ఎత్తు తెచ్చుకోండి. చేత్తో పట్టుకోవద్దు, చెయ్యి ఊగుతుంది, మనసూ ఊగుతుంది. ఒక్కో గదికి గంట. మర్నాడు అదే వేళకి ఇంకో గది.

ఇంట్లో సాధారణంగా బయటకన్నా ఎక్కువే ఉంటుంది. చాలామందికి ఇది తిరగేసినట్టు అనిపిస్తుంది. ఆరుబయట నేల మన కాళ్ల కిందే ఉంటుంది. శ్లాబు ఇంట్లో కింద నేల, నాలుగు వైపులా ఇటుక, నెత్తిన కాంక్రీటు, అంతా మట్టీ రాయే. ప్రపంచ సగటున నేలా గోడల నుంచి వచ్చే వాటా బయట గంటకి 59 నానోగ్రేలయితే (గాలి పీల్చుకునే గామా శక్తికి కొలత) ఇంట్లో 84. పూరిల్లు, పెంకుటిల్లు దొరికితే తప్పకుండా కొలవండి, తాటాకులో ఏముంటుంది కనక! నేల ఏమిటో కూడా రాయండి. కడప నాపరాయి సున్నపురాయి జాతిది, సాధారణంగా తక్కువే చూపిస్తుంది. మన టెక్కలి వైపు నుంచి వచ్చే గ్రానైట్ రాయికో తీరు, ఇంకో చోటి గ్రానైట్‌కి ఇంకో తీరు. వంటగట్టు మీద ఆనించి ఒకసారి, మీటరు ఎత్తున ఒకసారి కొలిస్తే ఆ తేడా ఎంత త్వరగా కరిగిపోతుందో తెలుస్తుంది. ఆనించి కొలిచిన అంకె పట్టుకుని గట్టు పీకించనక్కర్లేదు, మనం గట్టుమీద పడుకోం కదా.

బయట

ఊళ్లో ఒక దారి ఎంచుకుని అదే దారిలో ప్రతిసారీ ఆగాలి. నా దారి ఏడురోడ్ల జంక్షన్ దగ్గర మొదలై, పాత వంతెన దగ్గర నాగావళి ఒడ్డుకి దిగి, అరసవల్లి వైపు ఒక ఖాళీ స్థలంలో ముగుస్తుంది. మీ దారి మీది. ఒక్కోచోట కనీసం ఇరవై నిమిషాలు. గోడలకి, మెట్లకి, ఆగి ఉన్న లారీలకి దూరంగా, వీలైతే పక్క బిల్డింగు ఎత్తుకి రెట్టింపు దూరంలో. కాళ్ల కింద తారో, సిమెంటు రోడ్డో, మట్టో, పచ్చికో రాసుకోండి. స్టాండు మీద మీటరు పెట్టి పక్కన కూర్చుంటే జనం మూగుతారు. రైల్వే స్టేషన్ లాంటి చోట్ల పోలీసులూ వస్తారు. దాచకండి, టిక్కులు వినిపించండి, పొటాష్ కథ చెప్పండి. మనవాళ్లు వింటారు.

మే నెల ఎండలో రెండు జాగ్రత్తలు. స్కూటరు డిక్కీలో మీటరు వదిలేయొద్దు. గాజు ట్యూబయితే నేరుగా ఎండ తగిలినా దొంగ టిక్కులు కొట్టొచ్చు, నల్లగుడ్డ కప్పండి. ఇక మన తీరపు చెమ్మ సంగతి. ట్యూబు మీద సుమారు 400 వోల్టులుంటాయి, చెమ్మ పడితే కరెంటు కారి లేనిపోని కౌంట్లు వస్తాయి. మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు సంచిలో పడేయండి.

వాన రోజున అంకెలు పెరిగితే కంగారు పడకండి. గాలిలోని రేడాన్ నుంచి పుట్టే సీసం-214, బిస్మత్-214 వానతోపాటు నేలకి దిగుతాయి. వాటి అర్ధజీవితాలు 27, 20 నిమిషాలు, అందుకే వాన వెలిశాక రెండు మూడు గంటల్లో అంకె మళ్లీ మామూలుకి వస్తుంది. ఆపైన నేల నానిపోయి ఉంటే మామూలు కన్నా కాస్త తగ్గుతుంది కూడా, నీళ్లు గామాని ఆపుతాయి గనక. జడివాన మొదలవగానే డాబా మీద మీటరు పెట్టి (ప్లాస్టిక్ కవరు కట్టి మరీ) పది నిమిషాలకోసారి రాస్తే, ఎక్కి దిగే ఆ గీత చూడటం కన్నా సరదా ఈ పనిలో ఇంకోటి లేదు. అంతగా ముసురు పట్టిన రోజున ఊరి కొలతలు మాత్రం తీయకండి.

తీరంలో

కళింగపట్నం వెళ్తే అలలు తడిపే గీత నుంచి లోపలికి, తిన్నగా ఒక వరసలో ఐదు చోట్ల కొలవండి. పోటు వదిలివెళ్లిన నల్ల చారలు కనబడతాయి, వాటి మీద ఒకటి, పక్కన తెల్లటి ఇసుక మీద ఒకటి. ప్రతిచోటా మీటరు ఎత్తున ఒకసారి, నేలకి జానెడు ఎత్తున ఒకసారి. నల్లగా ఉన్నంత మాత్రాన ఎక్కువుంటుందని లేదు. నలుపంతా ఇల్మనైట్, అందులో మోనజైట్ పాలు ఎంతో చోటుని బట్టి మారుతుంది. పోయిన నెల నల్లచార ఉన్నచోట ఈ నెల ఉండకపోవచ్చు, ఒక్క తుపాను చాలు. కాబట్టి ఫోన్‌లో లొకేషన్ ఒక్కటే చాలదు, ఫొటో కూడా తీసుకోండి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. తీరం నుంచి వచ్చాక రెండు వారాలపాటు మా హాల్లో పది నిమిషాలకి ముప్పై నలభై కౌంట్లు ఎక్కువ వచ్చాయి. కొత్తగా వేయించిన సున్నాన్ని అనుమానించాను, బ్యాటరీ మార్చాను, మేస్త్రీని కూడా ఆరా తీశాను. చివరికి మీటరు సంచి బోర్లిస్తే కుట్ల సందుల్లోంచి చెంచాడు నల్ల ఇసుక రాలింది. అప్పట్నుంచి తీరంలో మీటరుని జిప్ కవరులో పెట్టే కొలుస్తున్నాను, చెప్పులు బయట దులుపుకునే లోపలికొస్తున్నాను. గుర్తుగానైనా ఇసుక మూటకట్టి తేవద్దు. మోనజైట్ అణుఖనిజం, దాని మీద చట్టాలున్నాయి.

జాలర్లు ఎవరైనా తెలిసినవాళ్లుంటే ఒక్కసారి పడవలో ఒడ్డుకి దూరంగా తీసుకెళ్లమనండి. నిలువెత్తు లోతు దాటితే కింది నేల గామా పైకి రాదు. అక్కడ అరగంటలో వచ్చే కౌంట్లు ఆకాశానివీ, ట్యూబు సొంత సొదవీ (దానంతట అదే కొట్టే టిక్కులవీ) మాత్రమే. సముద్రమట్టంలో చదరపు సెంటీమీటరుకి నిమిషానికి సుమారు ఒక మ్యూయాన్ పడుతుంది, వేలెడు ట్యూబుకి అవే ఎనిమిదో తొమ్మిదో. ఈ అంకె మీ మీటరుకి అట్టడుగు. ఊళ్లో వచ్చిన అంకెలోంచి దీన్ని తీసేస్తే నేలా గోడల వాటా ఎంతో తేలుతుంది. పడవ కొలత లేకుండా ఊరూ బీచీ పోల్చేవాళ్లు ఒకదానికొకటి ఎన్ని రెట్లో ఉన్నదానికన్నా తక్కువగా చూస్తారు.

ఏడాది లెక్క

ఏడాదికి 8760 గంటలు. నూటికి ఎనభై పాళ్లు ఇంట్లో, ఇరవై బయట అని లెక్క కట్టడం అలవాటు. ఇంట్లో గంటకి 0.14, బయట 0.10 మైక్రోసీవర్టు వచ్చాయనుకుంటే: 0.14ని 7008తో హెచ్చవేస్తే 981, 0.10ని 1752తో హెచ్చవేస్తే 175, మొత్తం 1156 మైక్రోసీవర్టులు, అంటే సుమారు 1.16 మిల్లీసీవర్టులు. పొలానికో చేపలకో వెళ్లేవాళ్లకి ఆ ఎనభై ఇరవై నప్పదు, వాళ్ల గంటలు వాళ్లనే అడిగి వేయండి. సామాన్య ప్రజలకి ఏడాదికి 1 మిల్లీసీవర్టు పరిమితి అని విని, 1.16 దాటిపోయిందని అనుకోవద్దు. ఆ పరిమితి అణుకేంద్రాల్లాంటి మనిషి పనుల వల్ల అదనంగా వచ్చేదానికి. ప్రకృతిదీ, ఎక్స్‌రేలదీ అందులో లెక్కకి రావు. కేరళలోని కరునాగపల్లి తీరంలో మోనజైట్ వల్ల ఇంతకి కొన్ని రెట్లు ఎక్కువ చోట్ల జనం తరతరాలుగా ఉంటున్నారు. అక్కడ ఏళ్లతరబడి చేసిన అధ్యయనంలో దానివల్ల కాన్సర్లు పెరిగినట్టు కనబడలేదు.

రేడాన్ ఈ లెక్కలో లేదు. గైగర్ మీటరు దాన్ని కొలవదు. దానికి గదిలో మూడు నెలలపాటు వేలాడదీసే ఎల్ఆర్-115 ఫిల్ము బిళ్లలుంటాయి, ల్యాబులో వాటిమీది గీతలు లెక్కపెడతారు. ఘనపు మీటరు గాలికి 100 బెక్వెరెల్‌ల (సెకనుకి ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెక్వెరెల్) లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పగలల్లా కిటికీలు తెరిచుండే మన ఇళ్లలో గాలి ఆడుతూనే ఉంటుంది, ఏసీ వేసి రాత్రంతా బిగించిన గది సంగతి వేరు.

ఉద్దానం కిడ్నీ జబ్బుకీ దీనికీ ముడిపెట్టి నన్ను చాలామంది అడిగారు. ఈ మీటరు నీళ్లలో ఏముందో చెప్పదు, ఒంట్లో ఏముందో చెప్పదు. దీని అంకె పట్టుకుని ఆ జబ్బు మాట తేల్చేవాళ్లని నమ్మకండి.

నిజంగానే ఎక్కువొస్తే

ముందు సంచి దులపండి, బ్యాటరీ మార్చండి, మళ్లీ కొలవండి. బస్సులో ఉన్నట్టుండి పెరిగి, ఒకాయన దిగగానే తగ్గితే, ఆయన విశాఖలో అణువైద్య స్కాను తీయించుకుని వస్తున్నారేమో. ఆ స్కానుల్లో ఒంట్లోకి ఎక్కించే టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం ఆరేసి గంటలకి సగమవుతుంది. ఆయన్ని ఏమీ అడక్కండి.

పాత ఇనుప సామాన్ల కొట్టులో ఏదైనా బరువైన సీసపు డబ్బా, ఇనుప గొట్టం దగ్గర మామూలుకి పది రెట్లు దాటితే మాత్రం కుతూహలం చాలించి దూరం జరగండి, మిగతావాళ్లనీ జరపండి, 112కి ఫోన్ చేయండి. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో కోబాల్ట్-60 ఉన్న పరికరాన్ని తెలియక విప్పేసి, ఒక మనిషి చనిపోయాడు. పసుపు మీద మూడు రెక్కల గుర్తుంటే మీటరు కూడా అక్కర్లేదు.

పుస్తకంలో ఒక్కో కొలతా ఇలా ఉండాలి:

నవంబరు 16, ఉదయం 7:10 నుంచి 8:10. హాలు మధ్య, కుర్చీ మీద, మీటరు ఎత్తు. గ్రానైట్ నేల, ఇటుక గోడ, శ్లాబు. కిటికీలు తెరిచి. మూడు రోజులుగా వాన లేదు. 60 నిమిషాలు, 1236 కౌంట్లు. పాత మీటరే, కొత్త బ్యాటరీ. 7:40కి మనవడు కుర్చీ జరిపాడు, మళ్లీ సర్దాను.